చాటింపులో చిక్కిన సీటు

పాకాల దాటి కొంత దూరం పోతే, రోడ్డుకు ఎడమ పక్కన కొత్తమిట్ట అనే చిన్న పల్లె ఉంది. ఆ పల్లె పాల ఆటో వరదయ్యది. తెల్లారకముందే లేచి నీళ్ళు పోసుకుని, నుదుట నామం దిద్దుకుని, గంగమ్మ గుడి ముందర బండి ఒక్క క్షణం ఆపి దండం పెట్టుకుంటే గాని అతని రోజు మొదలు కాదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు తిరిగి, క్యాన్లు నింపుకుని, పాలకేంద్రంలో దింపి వస్తాడు. సాయంత్రం మళ్ళీ రెండో విడత. దారిలో ముసలీముతకా చెయ్యెత్తితే క్యాన్ల మధ్య చోటు చేసి కూర్చోబెట్టుకుంటాడు. ఎవరికైనా జ్వరం మాత్రలు కావాలన్నా, కుట్టుమిషనుకు దారం కావాలన్నా "వరదడు పోతాడు కదా, తెస్తాడులే" అనడం ఆ ఊళ్ళో అలవాటు. అతనూ తెస్తాడు. మరిచిపోయిన రోజు ఆ ఇంటి ముందర తలదించుకుని బండి నడుపుతాడు.

వరదయ్య చదివింది ఐదో తరగతి. ఊళ్ళో బడి అంతవరకే. ఆరులో చేర్పించాలని వాళ్ళ నాయన ఒకనాడు తెల్ల పంచె కట్టుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని మండలంలోని హైస్కూలుకు తీసుకుపోయాడు. గేటు దగ్గర ఎవరిని ఏమడగాలో తెలియక ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. చివరికి ఎవరో "టీసీ తెచ్చినారా?" అన్నారు. టీసీ అంటే ఏమిటో అడగడానికి ఆయనకు మొహమాటం. సరేనని తల ఊపి కొడుకును వెనక్కి తీసుకొచ్చేశాడు. అదేమిటో ఊళ్ళో కనుక్కునే లోపల వేరుశనగ పీకే కాలం వచ్చింది. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పిల్లవాడు ఆవుల వెంట పోయాడు. అందులో ఎవరి తప్పూ లేదని వరదయ్య ఇప్పటికీ అంటాడు.

అతనికి ఒక్కతే కూతురు, ధరణి. ఈ వేసవికి ఆ పిల్లకూ ఐదు అయిపోయింది.

తన కూతురు తనలాగా గేటు దగ్గర నుంచి తిరిగి రాకూడదన్నది వరదయ్య పట్టుదల. అందుకే సంక్రాంతి దాటగానే బడులను గురించి కనుక్కోవడం మొదలుపెట్టాడు. మండలంలో హైస్కూలు మంచిదే, అయ్యవార్లు మంచివాళ్ళే. కానీ దారి మంచిది కాదు. పెద్ద రోడ్డు దాటాలి, లారీలు ఆగవు. బడి వదిలే వేళకు బస్సు లేదు. వరదయ్య దింపుదామంటే, పొద్దున పాలు దించి వచ్చేసరికి బడి గంట కొట్టేస్తారు, సాయంత్రం బడి వదిలే వేళకు అతను రెండో విడత పాలకు ఇంకో దారిలో ఉంటాడు. అంతకుముందు ఆ హైస్కూలుకు పోయిన కొత్తమిట్ట ఆడపిల్లల్లో ఎనిమిది దాటినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. దారికి భయపడి ఒక్కొక్కరే ఇంట్లో ఉండిపోయారు.

అందుకని ఒకనాడు పాలు దించేసి, అదే చొక్కాతో తిరుపతిలో ఒక పెద్ద ప్రైవేటు బడికి పోయాడు. అద్దాల గది, లోపల చల్లదనం. టై కట్టుకున్న రవిచంద్ర అనే కుర్రవాడు లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"రాండి అన్నా, కూర్చోండి. పాపను ఏ ప్రోగ్రాముకు అనుకుంటున్నారు?"

"సదువుకు నాయనా."

రవిచంద్ర నవ్వు ఆపుకున్నాడు. "చదువే అన్నా. దాంట్లో మా దగ్గర టెక్నో ఉంది, ఒలింపియాడ్ ఉంది, స్టార్ బ్యాచి ఉంది. ఆరో తరగతి నుంచే ఐఐటీకి ఫౌండేషన్ వేస్తాం."

"ఫౌండేషన్ అంటే పునాది కదప్పా. మా ఇంటికి ఏసినాం. మరి మిగతావి ఏంది?"

రవిచంద్ర ఓపికగా చెప్పాడు. ఏ బ్యాచికి ఎన్ని గంటలు, ఎన్ని పరీక్షలు, ఏ పుస్తకాలు అన్నీ చెప్పాడు. వరదయ్య ప్రతి మాటకూ తల ఊపాడు. వాళ్ళ నాయన హైస్కూలు గేటు దగ్గర ఊపినట్టే తానూ ఊపుతున్నానని అతనికే తెలిసింది. ఫీజు విన్నాక ఊపడం కూడా ఆగిపోయింది. లేచి దండం పెట్టి బయటికి వచ్చాడు. ఆటో తిప్పుకుంటూ ఉంటే రవిచంద్ర టై వదులు చేసుకుంటూ పరుగున వచ్చాడు.

"అన్నా, నేను చెప్పకూడదు గానీ... ఆడపిల్లల గురుకులం అని గవర్నమెంటుది ఉంది. ఉండడం, తిండి, పుస్తకాలు, బట్టలు అన్నీ వాళ్ళే. ఐదులోనే సీట్లు నిండిపోతాయి. ఆరులో ఎవరైనా మానేసి ఖాళీ పడితే దానికి పరీక్ష పెడతారు. పాప చేత రాయించండి. మా అక్క కూతురు అక్కడే ఉంది."

"నీకు మాట వస్తుందేమో నాయనా ఇట్లా సెప్తే?"

"మీరు ఎవరికీ చెప్పరులే అన్నా," అని నవ్వి లోపలికి పోయాడు.

ఊరి బడిలో టీచరు పంకజాక్షి. తిరుపతి నుంచి రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. వరదయ్య మాట విని ఆమె ఎంతో సంతోషపడింది. దరఖాస్తు తన ఫోనులోనే పెట్టింది. బడి వదిలాక ధరణిని కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించింది. చివరి బస్సు తప్పిన రోజు వరదయ్య ఆమెను పాల క్యాన్ల మధ్య కూర్చోబెట్టుకుని పాకాల స్టేషనుకు దింపేవాడు. "నేను కూడా పాలే అయిపోతున్నా వరదయ్యా" అని ఆమె నవ్వేది.

ఆ గురుకులం శ్రీకాళహస్తి దారిలో ఉంది. ఆరులో అక్కడ ఖాళీ ఒకే ఒక్కటి. పరీక్ష రాసి వచ్చిన నాడు ధరణి రాత్రి అన్నం తినేటప్పుడు, "నాయనా, ఆడ మంచాలు ఒగదాని మింద ఒగటి ఉండాయి. పైమంచం ఇస్తే బాగుంటాది" అంది. మర్నాడు వరదయ్య గుడి ముందర బండి ఆపినప్పుడు ఎప్పటికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. "అమ్మా, సీటు ఇప్పించు. జాతరలో నా బిడ్డకు వేపమండలు కట్టించి, నీ ముందర పొంగలి దింపిస్తా" అని మొక్కుకున్నాడు.

ఆ ఏడు జాతర వెనకబడింది. ఊళ్ళో వరసగా ఇద్దరు పెద్దవాళ్ళు పోవడంతో మైల కలిసివచ్చి, వైశాఖంలో జరగాల్సింది జూన్ నడిమికి పడింది. బడులు తెరిచేశారు. ధరణి తల్లి లోకేశ్వరితో కలిసి శ్రీకాళహస్తిలో పెద్దమ్మ రాజశ్రీ ఇంట్లో ఉంది. వేసవికి పోయినవాళ్ళు, ఫలితం తెలిసేదాకా ఉందామని అక్కడే ఆగిపోయారు. రాజశ్రీ ఇంటి నుంచి గురుకులానికి షేర్ ఆటోలో పోయి రావచ్చు.

ఆదివారం పంకజాక్షి టీచరు ఫోను వచ్చింది.

"వరదయ్యా, మన ధరణికి వచ్చిందప్పా! ఆ ఒక్క సీటూ మన పాపకే!"

వరదయ్య ఆటో పక్కకు తీసి ఆపాడు. "టీచరమ్మా..." అన్నాడు.

"వినండి. సర్టిఫికెట్లు చూసి చేర్చుకునే తేదీ ఇంకా ఇవ్వలేదు. మెసేజ్ వస్తుంది. ఆ రోజు పాప, అమ్మో నాయనో ఒకరు తప్పకుండా ఉండాలి. తెలిసిందా?"

"తెలిసిందమ్మా. మీకు పుణ్యం ఉంటాది."

అతనికి ఆ సంతోషంలో మొక్కుబడి ఒక్కటే గుర్తుంది. చాటింపు మరునాడు. చాటింపు పడిందంటే జాతర అయ్యేదాకా ఊళ్ళో ఉన్నవాళ్ళు పొలిమేర దాటకూడదు. బయట ఉన్నవాళ్ళు బయటే ఉండవచ్చు, దానికి తప్పులేదు. కానీ మొక్కుబడి ఉన్న బిడ్డ చాటింపు వేళకు ఊళ్ళో ఉండి తీరాలి. వరదయ్య ఆ పూటే బస్సెక్కి శ్రీకాళహస్తి పోయాడు.

రాజశ్రీ గడపలోనే అడ్డం నిలబడింది. "ఏం మరిదీ, బిడ్డను ఎత్తకపోయేదానికి వచ్చినావా? సీటు పక్కనే ఉండాది కదా. తేదీ తెలిసేదాకా ఈడనే ఉండనీ."

"మొక్కుబడి వదినా. సీటు ఇచ్చిందే ఆయమ్మ."

"మొక్కుబడి వచ్చే ఏడు తీర్చుకోకూడదా?"

"ఇచ్చిన ఏడు ఎగ్గొట్టి, వచ్చే ఏడు తీరస్తానంటే మనిషికే బాగుండదు. అమ్మకు బాగుంటాదా?"

లోకేశ్వరి అక్క వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. బట్టలు మడతపెట్టుకుంది. రాజశ్రీ పోట్లాడుతూనే చెల్లెలి చేతిలో కొత్త పావడా గుడ్డ పెట్టింది. ధరణికి జడ వేసి పూలు పెట్టి పంపింది.

మరునాడు దీపాలు పెట్టే వేళకు పలక మోగింది. నాలుగు వీధుల మొగదలా నిలబడి తలారి కేక వేశాడు. "గంగమ్మ జాతర సాటింపు వేస్తాండాము! ఊరోళ్ళు పొలిమేర దాటగూడదు! ఇంట్లో పోపు పెట్టగూడదు! అందరూ ఇనుకోండి!" ఆడవాళ్ళు గడపలకు పసుపు రాసి వేపాకు కట్టారు. ధరణి గుంజ పట్టుకుని పలక దరువుకు కాలు ఆడిస్తూ ఉంటే, వరదయ్య మనసు నిండుగా ఉంది.

తెల్లవారి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ధరణే కూడబలుక్కుని చదివింది. తేదీ దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"నాయనా, ఇది శుక్రవారం కదా?"

శుక్రవారం జాతర. ఊరంతా పొంగళ్ళు పెట్టే రోజు అది. శనివారం తెల్లవారి అమ్మవారిని సాగనంపాక గాని పొలిమేర తెరుచుకోదు.

లోకేశ్వరి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఇంకోసారి సదువు పాపా."

ధరణి ఇంకోసారి చదివింది. శుక్రవారమే. సాయంత్రం లోపల రాకపోతే తరువాతి పేరుకు పోతుందని కూడా అందులో ఉంది.

లోకేశ్వరి తిట్టివుంటే బాగుండేదని వరదయ్యకు అనిపించింది. ఆమె తిరిగి పొయ్యి దగ్గర కూర్చుని, ఆరిపోని మంటను ఊదుతూనే ఉంది.

పొలిమేర దాటడం ఎంతసేపు? ఆటో తీస్తే అయిపోతుంది. కాపలా ఎవరూ ఉండరు. వరదయ్యకు అడ్డం వచ్చింది అది కాదు. అతని చిన్నతనంలో ఇట్లాగే చాటింపు పడ్డాక వాళ్ళ నాయన ఈనలేక ఈనుతున్న ఆవు కోసం డాక్టరును పిలుచుకు రావడానికి పొలిమేర దాటాడు. ఆవు బతికింది. ఆ నెలలోనే వరదయ్య తమ్ముడికి అమ్మవారు పోసింది. చంటివాడు నిలవలేదు. దానివల్లే ఇది జరిగిందని వాళ్ళమ్మ ఏనాడూ అనలేదు. కాదని కూడా అనలేదు. నాయన మాత్రం పోయేదాకా ఆ ఆవు పాలు తాగలేదు.

జాతర పెద్ద చెంగయ్య గుడి దగ్గర పందిరి కట్టిస్తున్నాడు. వరసకు వరదయ్యకు మేనమామ. వరదయ్య చెప్పింది మొత్తం విన్నాడు. తల గుడ్డ తీసి భుజాన వేసుకుని, మెట్టు మీద పక్కన చోటు చూపించాడు.

"కూసో అల్లుడా. సాటింపుకు ముందే బిడ్డను ఆడనే ఉండనిచ్చింటే సరిపోయేది కదప్పా."

"మొక్కుబడి కోసరం తెచ్చినా మామా."

"మొక్కింది దేనికి?"

"సీటుకు."

చెంగయ్య గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు. పందిరి మీద ఉన్నవాడెవడో "మాకు తాడు అందియ్యండి మామా, మాటలు తరువాత" అని కేక వేస్తే, "నోరు మూసుకుని నిలబడురా, పడతావు" అని కసిరి, వరదయ్య వైపు తిరిగాడు.

"సూడప్పా. నేను పొమ్మంటే, రేపు ఊర్లో ఏ బిడ్డకు ఒళ్ళు ఎచ్చబడినా అందరూ నీ మొగం సూస్తారు. వద్దంటే, నువ్వు బతికినన్నాళ్ళూ నా మొగం సూస్తావు. ఏదీ నా నోట పలికించొద్దు. అమ్మ పెద్దది. మనకే తెలివి సాలదు."

"మరి నేనేం సేసేది మామా?"

"తెలిస్తే సెప్పనా అల్లుడా?" అన్నాడు చెంగయ్య. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచేటప్పుడు చెంగయ్య అతని చేతిలో టెంకాయ ముక్క పెట్టి, "పాపకియ్యి" అన్నాడు.

చాటింపు రోజుల్లో పాల పద్ధతి వేరు. వరదయ్య ఊరి పాలు పొలిమేర రాయి దాకా తెచ్చి దింపుతాడు. అవతలి ఊరి ఇమ్మానుయేల్ తన బండి రాయికి అవతల ఆపి, క్యాన్లు అందుకుని పోతాడు. ఏళ్ళుగా ఇదే ఏర్పాటు. అతను క్రైస్తవుడు. అయినా ఆ రోజుల్లో చెప్పులు అవతలే విప్పి నిలబడతాడు.

"అన్నా, ఊరంతా సెప్పుకుంటా ఉండారు," అన్నాడు ఇమ్మానుయేల్, క్యాను అందుకుంటూ. "పాపను నేను తీసకపోనా? నా పెండ్లాం గూడా వస్తాది తోడుకు. నాకు సాటింపు లేదు కదా."

"నీకు లేదు ఇమ్మానుయేలూ. పాపకు ఉండాది."

"పాలు దాటతాండాయి కదన్నా?"

"పాలు దాటొచ్చు."

ఇమ్మానుయేల్ ఆ మాట అనవలసింది కాదేమోనని తల గోక్కున్నాడు. "మా ఇంట్లో ప్రార్థన సేస్తామన్నా, పాప పేరు సెప్పి," అని మెల్లగా అని, బండి తీశాడు. వరదయ్య ఆ రాయి ఇవతల నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూశాడు. తన ఊరి పాలు రోజూ పోయే చోటికి, తన బిడ్డ ఒక్క రోజు పోలేకపోతోంది.

పంకజాక్షి టీచరు మాత్రం వదలలేదు. గురుకులానికి ఫోను చేసింది. తేదీ మార్చమని అడిగింది. ప్రిన్సిపాలమ్మ మర్యాదగానే మాట్లాడింది. తేదీ తన చేతిలో లేదంది. కావాలంటే ఆ రోజు వేళ దాటినా ఇంకాసేపు ధరణి పేరు కొట్టేయకుండా ఆపుతానంది. ఆమె చేయగలిగింది అంతే. అది కూడా తక్కువ దయ కాదు. శుక్రవారం టీచరు సెలవు పెట్టి, ధరణి కాగితాల జిరాక్సులు సంచిలో పెట్టుకుని తానే పోయి కూర్చుంది. "ఎవరో ఒకరు మన పక్క ఉండాలి కదా వరదయ్యా. నేను ఉంటా. మీరు మనసు మార్చుకుంటే మధ్యాహ్నం బయలుదేరినా అందుతారు," అంది ఫోనులో.

శుక్రవారం ఎండ విపరీతంగా కాసింది. లోకేశ్వరి కూతురికి తలంటి, పసుపు గుడ్డ కట్టి, దాని మీద వేపమండలు చుట్టింది. తల మీద పొంగలి కుండ పెట్టింది. పలకలు ముందర నడిచాయి. మొక్కుబడి పిల్ల కాళ్ళు కాలకుండా ప్రతి ఇంటి వాకిట్లో ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు సిద్ధంగా పెట్టుకున్నారు. ధరణి అడుగు వేసే ముందే ఎవరో ఒకరు తారు రోడ్డు మీద నీళ్ళు చల్లారు. రాత్రంతా దగ్గుతో నిద్రపోని ముసలావిడ చంద్రకాంతమ్మ కూడా చెంబుతో లేచి వచ్చి, వంగి, ఆ పిల్ల పాదాల మీద నీళ్ళు పోసింది. "సీటొచ్చిన బిడ్డ, నా తల్లి, సల్లగా నడువు" అంది. ఆమెకు మిగతాది ఎవరూ చెప్పలేదు.

వరదయ్య గొడుగు పట్టుకుని కూతురి పక్కన నడిచాడు. జేబులో ఫోను రెండుసార్లు మోగింది. తీయలేదు. ఇంకా సమయం ఉందని టీచరు చెబుతుంది. ఉందని అతనికి తెలుసు. ఆటో గుడి వెనకే ఉంది. ట్యాంకు నిండా ఆయిలు ఉంది.

సగం వీధి నడిచాక ధరణి తల కదపకుండా, కుండ మీద చేతులు తీయకుండా అడిగింది.

"నాయనా, ఇప్పుడు ఆడ నా పేరు పిలస్తా ఉంటారా?"

"పిలస్తా ఉంటారు తల్లీ."

"పలక్కపోతే ఏమనుకుంటారు?"

"టీచరమ్మ ఉండాది కదా. సెప్తాది."

"ఏమని సెప్తాది?"

వరదయ్య గొడుగు ఇంకొంచెం ఆమె వైపు వంచాడు. నీళ్ళు చల్లుతున్న ఆడవాళ్ళలో ఒకామె ఆ మాట విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పొంగలి దించారు. ధరణి కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. ఏమి అడిగిందో తల్లీతండ్రీ అడగలేదు. కుంకుమ పెట్టేటప్పుడు పూజారి చెయ్యి ఆ పిల్ల నుదుటి మీద కాసేపు ఆగింది.

పొద్దు వాలే వేళకు ఫోను మళ్ళీ మోగితే ఈసారి లోకేశ్వరి తీసింది. టీచరు ఏడుస్తోంది. ప్రిన్సిపాలమ్మ చెప్పిన మాట నిలబెట్టుకుందట. గేటు మూసే వేళ దాటినా ఇంకాసేపు పేరు ఆపిందట. తరువాతి పేరు భానుప్రియ అనే పిల్లది. తల్లి లేదు, అవ్వ తీసుకొచ్చింది. ఆ అవ్వ పొద్దున్నుంచీ వరండాలోనే కూర్చుని ఉందట. "ఇంక నేను ఆపమని అడగలేకపోయానమ్మా" అంది టీచరు.

"మీరేం సేస్తారు టీచరమ్మా," అంది లోకేశ్వరి. "అన్నం తిన్నారా మీరు?"

శనివారం తెల్లవారి అమ్మవారిని సాగనంపారు. పొలిమేర తెరిచారు. సీటు పోయిందని తెలిసినా వరదయ్య భార్యనూ కూతుర్నీ తీసుకుని మొదటి బస్సు ఎక్కాడు. ఒకసారి పోయి అడిగితే గాని అతని కాళ్ళు నిలవవని లోకేశ్వరికి తెలుసు. కాగితాలన్నీ సంచిలో ఉన్నాయి. టీసీ అన్నిటికన్నా పైన ఉంది.

ప్రిన్సిపాలమ్మ వాళ్ళను కూర్చోబెట్టి నీళ్ళు ఇప్పించింది. టీసీ చూసింది, మార్కులు చూసింది, ధరణి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది.

"నిన్న ఒక్క గంట వచ్చి పోయినా సరిపోయేదయ్యా," అంది. తిట్టలేదు.

"వచ్చేదానికి లేకపోయిందమ్మా."

"టీచరు చెప్పింది. మాదీ పల్లెటూరే." ఆమె కాగితాలు సర్ది తిరిగి ఇచ్చింది. "వచ్చే ఏడు ఏడులో ఎవరైనా మానేస్తే మళ్ళీ పరీక్ష ఉంటుంది. మానకపోతే ఉండదు. అందాక మీ హైస్కూల్లో చేర్చేయండి. సోమవారమే పోండి, ఆలస్యం చేయొద్దు."

"అట్నే అమ్మా."

"భోజనం వేళ అయింది. పాపను తినేసి పొమ్మనండి."

భోజనాల హాల్లో పిల్లలు నేల మీద వరసలుగా కూర్చున్నారు. ధరణి గుమ్మంలో ఆగింది. చివరి వరసలో కొత్త పళ్ళెంతో ఉన్న ఒక పిల్ల కాస్త జరిగి పక్కన చోటు చూపించింది. ఇద్దరూ పేర్లు చెప్పుకున్నారు. ఏమి అనుకున్నారో గాని, కాసేపయ్యాక ఆ పిల్ల తన పళ్ళెంలోని గుడ్డును రెండు చేసి సగం ధరణి పళ్ళెంలో పెట్టింది. వడ్డించే ఆయా అది చూసి ధరణికి ఇంకో గుడ్డు వేసింది.

ఆయా గంజి గిన్నెతో బయటికి వచ్చి, వరండాలో నిలబడ్డ మొగుడూ పెళ్ళాలను చూసింది.

"మీ పాపేనా అప్పా? ఆ భానుప్రియతో అప్పుడే స్నేహం కలిపేసింది. పెట్టె యాడ పెట్టినారు? రూములో సర్దేస్తాను."

"పెట్టె తేలేదమ్మా," అన్నాడు వరదయ్య.

"పరవాలేదులే. సాయంత్రానికి తెచ్చియ్యి. అందాకా నేను సూసుకుంటా, దిగులుపడొద్దు. మొదటి దినం అందరూ ఇట్నే నిలబడతారు."

వరదయ్య చేతులు జోడించాడు. ఆమె అది కృతజ్ఞత అనుకుని, నవ్వుతూ వెళ్ళిపోయింది.

గంట కొట్టారు. పిల్లలు పళ్ళేలు కడిగి, దొంతర పెట్టి, తరగతులకు పోవడానికి వరండాలో వరస కట్టారు. ధరణి కూడా పళ్ళెం కడిగింది. ఎక్కడ నిలబడాలో తెలియక ఒక్క క్షణం చూసి, భానుప్రియ వెనక పోయి నిలబడింది. ముందున్న పిల్లలు కదిలారు. ధరణి కూడా ఒక అడుగు వేసింది.

"పిలువయ్యా," అంది లోకేశ్వరి.

వరదయ్య నోరు తెరిచాడు. వరస ఇంకొంచెం ముందుకు పోయింది.

"పిలువు. బస్సు పోతాది."